నీలం తలుపు అత్తయ్య

మా అక్క బట్టలు కుడుతుంది. కొత్తవి కుట్టడం మానేసి చాలాకాలమైంది. రెడీమేడ్ వచ్చాక కొత్తవి కుట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు. కాకపోతే కొన్నవి ఎవరికీ సరిగ్గా పట్టవు. ఒకడికి ప్యాంటు పొడుగైతే ఇంకొకడికి నడుం బిగుతు. మనుషులు ఫ్యాక్టరీ వాడి కొలతల ప్రకారం పుట్టరు కదా. ఆ కుట్లు విప్పి, మడిచి, మళ్ళీ కుట్టి మనిషికి సరిపెట్టడమే ఆమె పని. మిషను వీధి గుమ్మం పక్కనే ఉంటుంది. నల్లబట్ట మీద నల్లదారం కనిపించాలంటే ఆమె కళ్ళకు బల్బు చాలదు, పగటి వెలుతురు కావాలి. అందుకని పొద్దున తెరిచిన తలుపు చీకటి పడేదాకా తెరిచే ఉంటుంది.

నేను ఆమె తమ్ముణ్ణి. వెనక గదిలో కూర్చుని కాలిపోయిన ఫ్యాన్లకూ నీళ్ళ మోటార్లకూ రాగితీగ చుడతాను. బావ పోయాక అక్కకు తోడుగా ఉంటున్నానని నేను చెప్పుకుంటాను. పెళ్ళీ పెటాకులూ లేక తన పంచన చేరానని అక్క చెబుతుంది. రెండూ నిజమే.

ఇక తలుపు సంగతి. బావ బస్సులకు రంగులు వేసేవాడు. ఏదో బస్సుకు వేయగా మిగిలిన నీలం డబ్బా ఇంటికి తెచ్చి మా వీధి తలుపుకు పూశాడు. అంత ముదురు నీలం ఇంటి తలుపుకు ఎవరూ వేయరు. పైగా మా తలుపు బయటికి తెరుచుకుంటుంది. తెరిస్తే గోడకు ఆనుకుని వీధి చివరిదాకా కనిపిస్తుంది. "బస్సు ఎప్పుడు బయల్దేరుతుందండీ?" అని వెక్కిరించేవాళ్ళు. బావ నవ్వేవాడు. ఆయన పోయాక ఆ రంగు జోలికి అక్క ఎవర్నీ పోనివ్వలేదు.

ఒకసారి ఒకమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తూ కోటు చేతులు పొడుగయ్యాయని పరుగెత్తుకొచ్చింది. అక్క తింటున్న కంచం పక్కన పెట్టి అప్పటికప్పుడు కుట్టిచ్చింది. ఆ అమ్మాయి సంతోషం పట్టలేక మా తలుపునూ, పక్కనున్న పూలకుండీలనూ ఫోటో తీసి, ఫోనులో దారి చూపించే మ్యాపులో పెట్టింది. మంచి పని, మంచి మనిషి అని రాసి నక్షత్రాలిచ్చింది. "నాకు నక్షత్రాలొచ్చాయట్రా" అని అక్క ఆ వారమంతా మురిసిపోయింది. ఆ పిల్ల చేసింది ఉపకారమే, దాంట్లో తప్పు పట్టడానికి లేదు. కానీ ఇంటర్నెట్టులో పెట్టిన బొమ్మ వీధిలో పారేసుకున్న తాళంచెవి లాంటిది. అది ఎవరికి దొరుకుతుందో మన చేతుల్లో లేదు.

మొదటివాడు ఒక మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో సూటుకేసు, కొత్తగా కత్తిరించిన జుట్టు, మడతలు పోని కొత్త చొక్కా, కాగితంలో చుట్టిన పూలు. గుమ్మంలో నిలబడి చేతులు జోడించి, "నమస్కారం అత్తయ్యగారూ" అన్నాడు.

అక్కకు పిల్లల్లేరు. తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

అతను ఫోను తీసి చూపించాడు. అందులో మా తలుపు ఉంది, మా పూలకుండీలు ఉన్నాయి, పక్కనే నవ్వుతున్న ఒక అమ్మాయి ఫోటో ఉంది. ఏడాదిగా మాట్లాడుకుంటున్నారట, అంతా ఫోనులో రాతలే. గొంతు వినలేదు, మనిషిని చూడలేదు. మా అమ్మ టైలరు, మాది నీలం తలుపు ఇల్లు, ఆ వీధిలో అలాంటి తలుపు ఇంకోటి లేదు, వచ్చి అమ్మను అడుగు అని ఆ అమ్మాయి చెప్పిందట. ఈలోగా అమ్మకు జబ్బంటే డబ్బు పంపాడట, ఫీజులంటే పంపాడట. జబ్బుపడ్డ అమ్మ ఎదురుగా గుండ్రాయిలా కూర్చుని ప్యాంటు అంచు మడుస్తోంది.

అక్క ఉన్న మాట ఉన్నట్టు చెప్పేసింది. ఇక్కడ అమ్మాయెవరూ లేరు, ఎవరో మిమ్మల్ని మోసం చేశారు అంది. అతను మొదట నవ్వాడు. తర్వాత గదిలోకి తొంగిచూశాడు. నన్ను చూసి మామయ్యగారా అని అడిగాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగి ఒక్క ఉదుటున వీధిలోకి పరుగెత్తాడు. ఎదురుగా వస్తున్న వ్యాను అతని మోకాలిని తాకి ఆగింది. మనిషి బతికాడు, పూలు చక్రం కింద పడ్డాయి. ఆ రోజంతా అక్క సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

తర్వాత ఇంకొకతను వచ్చాడు. అదే నీలం తలుపు, అదే అత్తయ్యగారు. అమ్మాయి పేరు మాత్రం వేరు. ఈసారి అక్క నోరు జారలేదు. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఆ బొత్తం ఊడిపోయేట్టుంది బాబూ. చొక్కా విప్పి ఇలా ఇవ్వు, బిగించి ఇస్తా" అంది. అతను బనీనుతో స్టూలు మీద కూర్చున్నాడు. అక్క సూది ఎక్కించి, ఒక్కో పోగూ లాగుతూ మెల్లగా విషయం చెప్పింది. చొక్కా లేని మనిషి వీధిలోకి పరుగెత్తలేడు. మిషను పట్టుకుని ఏడ్చాడు. ఏడుపు అయ్యేదాకా ఆ బొత్తం కుట్టడం అవలేదు. అప్పుడు మంచినీళ్ళు తాగి, చొక్కా తొడుక్కుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి అదే పద్ధతైంది. ముందు చొక్కా, తర్వాత నిజం. అన్ని బొత్తాలూ గట్టిగా ఉన్నవాడొస్తే, చూస్తానంటూ దగ్గరికెళ్ళి గోటితో ఒకదాన్ని వదులు చేయడం నేను చాలాసార్లు చూశాను. "ఉన్న బొత్తం ఊడదీయడమేమిటే?" అంటే, "పెద్దది ఊడబోతోంది కదరా, ఇదెంత" అనేది.

వాళ్ళంతా వెర్రిబాగులవాళ్ళని నేను మొదట్లో అనుకునేవాణ్ణి. అదేమీ కాదు. లారీ డ్రైవరు వచ్చాడు, బ్యాంకు గుమాస్తా వచ్చాడు, పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారొచ్చాడు. అందరూ పగలంతా పదిమందిలో పనిచేసి, సాయంత్రం గదికెళ్ళి అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు లేక ఫోను తెరిచినవాళ్ళే. అన్నం తిన్నావా అని అడిగింది ఆ ఫోనే. అడిగినవాడు ఏ గదిలో ఎంతమందితో కూర్చుని ఒకేసారి ఎంతమందిని అడుగుతున్నాడో వీళ్ళకేం తెలుసు?

ఒక కుర్రాడు ఏకంగా తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ వస్తూనే "బాగున్నారా వదినగారూ" అని అక్క చేతులు పట్టుకుంది. ఆ రోజు అక్క తల్లి జాకెట్టు చేతి కుట్టు విప్పి మళ్ళీ కుడుతూ ఇద్దరికీ చెప్పింది. తల్లి నమ్మింది. కొడుకు నమ్మలేదు. అక్కడికక్కడే ఫోనులో అడిగాడు, జవాబు కూడా వచ్చింది. మా అమ్మ అబద్ధం చెబుతోంది, నన్ను లోపల పెట్టి తాళం వేసింది అని. అతను నా వెనక గదంతా వెతికాడు, మోటార్ల మధ్య కూడా చూశాడు. ఎదురుగా ఉన్న మనిషి అబద్ధం, జేబులో ఉన్న బొమ్మ నిజం. అంతకన్నా నా ఒళ్ళు మండించిన సంగతి ఇంకోటి లేదు. తల్లి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే వాడు అక్కవైపు తిరిగి, "మీరసలు తల్లేనా?" అన్నాడు. అక్క ఆ రోజు అన్నం తినలేదు.

ఫిర్యాదు ఇవ్వలేదా అంటే ఇచ్చాం. పోలీసు స్టేషనులో ఇది ఇక్కడ కాదు, సైబరు వాళ్ళ దగ్గరికెళ్ళమన్నారు. అక్కడికెళ్తే పోయింది మీ డబ్బు కాదు కదా, పోగొట్టుకున్నవాళ్ళను రమ్మనండి అన్నారు. పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ ముఖం చూపించరు. పరువు పోతుందని భయం. మ్యాపులో ఉన్న ఫోటో తీయించాం. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, అప్పటికే ఆ ఫోటో ఎంతమంది చేతుల్లో పడిందో ఎవరికి తెలుసు?

వీధి ఊరుకుంటుందా? మొదట్లో వేళాకోళం. "మీ అక్కకు అల్లుళ్ళు ఎక్కువయ్యారోయ్" అనేవాళ్ళు. పిల్లలు సైతం ఆమెను నీలం తలుపు అత్తయ్య అనడం మొదలుపెట్టారు. అక్క కూడా నవ్వేది. తర్వాత ఎదురింటి బాల్కనీలోంచి ఎవరో, బనీనుతో మా స్టూలు మీద కూర్చుని ఏడుస్తున్న మనిషిని వీడియో తీసి వీధివాళ్ళ గ్రూపులో పెట్టారు. కింద రాసిన మాటలు నేనిక్కడ చెప్పను. ఇన్నేళ్ళూ అక్క చేత పిల్లల యూనిఫారాలు సరిచేయించుకున్న ఆడవాళ్ళు కూడా దానికి నవ్వే బొమ్మలు పెట్టారు. ఒక్కరూ గుమ్మం దాకా వచ్చి ఏమైందని అడగలేదు. ఇంటికీ ఇంటికీ మధ్య నాలుగడుగులు లేవు. ఆ నాలుగడుగులు నడవడం కన్నా వేలు కదపడం తేలికైపోయింది.

బేరాలు తగ్గాయి. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు ఒకరోజు దిగొచ్చాడు. పెద్దమనిషే, కేకలేసే రకం కాదు. నిలబడే చెప్పాడు.

"చూడమ్మా, తలుపన్నా మార్చండి, ఇల్లన్నా మార్చండి."

ఇన్నేళ్ళు ఉన్న ఇల్లు వదిలి, ఈ వయసులో కొత్త వీధిలో కొత్త బేరాలు ఎక్కడ వెతుక్కుంటుంది? వెలుతురొచ్చే గుమ్మం ఎక్కడ దొరుకుతుంది? నేను ఓనరు పక్షమే మాట్లాడాను. రంగే కదా అన్నాను. గోధుమరంగు డబ్బా తెచ్చి నేనే పూశాను. పూస్తున్నంతసేపూ అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. బావ డబ్బాలో అడుగున మిగిలిన నీలం మాత్రం అటక మీదే ఉండనిచ్చింది.

మందు పనిచేసింది. వచ్చేవాళ్ళు ఆగలేదు కానీ మా దగ్గర ఆగడం మానేశారు. వీధి మొదట్లో దిగి, ఫోను చూసుకుంటూ, తలుపులు చూసుకుంటూ చివరిదాకా నడిచేవాళ్ళు. మళ్ళీ వెనక్కి నడిచేవాళ్ళు. నీలం కనబడక, సిగ్గుతో ఎవర్నీ అడగలేక వెళ్ళిపోయేవాళ్ళు. మెల్లగా యూనిఫారాలు తిరిగొచ్చాయి. పీడ విరగడైందని నేనన్నాను. అక్క కూడా, "హమ్మయ్య, ఇక నావల్ల కాదురా, ఎంతమందికని చెప్పను" అంది. నిజంగానే అలిసిపోయింది. ఎవరిదో దుఃఖం రోజూ మోయడానికి ఆమె ఏం పాపం చేసింది?

ఆ రోజుల్లోనే ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. కొత్త బూట్లు కరుస్తున్నాయేమో, పాదాల అంచుల మీద జాగ్రత్తగా నడుస్తున్నాడు. మిగతావాళ్ళలా దాటిపోకుండా సరిగ్గా మా ఇంటి ముందు ఆగాడు. ఫోను చూశాడు, పూలకుండీలు చూశాడు, తలుపు చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. అక్క ఓరకంట ఒకసారి చూసి తల దించుకుంది. వంగి మిషను తొక్కుతూనే ఉంది. సూది కింద బట్ట లేదు. నేను వెనక గదిలోంచి చూస్తున్నాను. చాలాసేపు నిలబడి ఆయన వెళ్ళిపోయాడు.

"పోయాడా?" అని అడిగింది అక్క.

"పోయాడు" అన్నాను.

మిషను ఆపింది. ఆ సంగతి మేము మళ్ళీ ఎత్తలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. ఒక పొద్దున అక్క దుప్పటి అంచు కుడుతుంటే, ఒకాయన సూటుకేసు గుమ్మంలో పెట్టి, అడక్కుండానే చొక్కా విప్పి చేతికిచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. అక్క వెంటనే గుర్తుపట్టలేదు. బూట్లు అరిగిపోయినా ఆ నడక చూసి నేను గుర్తుపట్టాను.

"ఈ బొత్తం కాస్త బిగించండమ్మా. ముఖ్యమైన చోటికెళ్ళాలి" అన్నాడాయన.

అత్తయ్యగారూ అనలేదు. ఆయన దృష్టిలో ఇది ఉత్త టైలరు కొట్టు. అక్క సూది ఎక్కించింది. ఆయన స్టూలు మీద కూర్చుని తనంతట తనే మాటలు మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేసేవాడట. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. ఈ వీధిలోనే తనకు కావలసిన మనిషి ఉందట. ఇంతకుముందొకసారి వచ్చి ఇల్లు దొరక్క వెనక్కి వెళ్ళిపోయాడట.

"ఆమెకు ఎంత కోపమొచ్చిందో. పొద్దుట్నుంచీ నీలం తలుపు దగ్గర నిలబడే ఉన్నాను, నువ్వు రాలేదు, వచ్చానని అబద్ధమాడుతున్నావు అంది. తప్పు నాదేనండీ, సరిగ్గా వెతకలేదు. ఎవర్నన్నా అడగడానికి సిగ్గేసింది."

ఆ తప్పు దిద్దుకోవడానికి ఇంట్లో తన వాటా అన్నకు అమ్మేసి డబ్బంతా ఆమెకు పంపేశాడట. ఉద్యోగం మానేశాడట. ఉన్న బట్టలన్నీ ఆ సూటుకేసులోనే ఉన్నాయట. ఈసారి సిగ్గుపడనని, ప్రతి తలుపూ తట్టి అడుగుతానని చెప్పాడు.

అక్క బొత్తం ముడివేసి దారం తెంపింది. నేను తిప్పుతున్న మోటారు ఆపేశాను. అక్క చొక్కా ఒళ్ళో పెట్టుకుని, ఆయన ముఖంలోకి చూసి అంది.

"అంతమందిని అడగక్కర్లేదు బాబూ. ఆ తలుపు ఇదే. మీరు అప్పుడొచ్చేసరికే రంగు మార్చేశాం. మీరనుకున్న మనిషి ఇక్కడ లేదు. ఎక్కడా లేదు."

మిగతాదంతా చెప్పింది. ముందొచ్చినవాళ్ళ గురించి, ఒక్కొక్కరికీ ఒక్కో పేరు చెప్పడం గురించి, మ్యాపులో ఫోటో గురించి. ఆయన ఏడవలేదు, కేకలేయలేదు. అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"నేను అప్పుడొచ్చినప్పుడు మీరు ఇంట్లో లేరా అమ్మా?"

"ఉన్నాను."

"నన్ను చూశారా?"

"చూశాను" అంది అక్క.

ఆయన స్టూలు మీంచి లేచాడు. "బొత్తం అయిందా?" అని అడిగాడు. అయి చాలాసేపైంది. అక్క చొక్కా ఇచ్చింది. డబ్బులు తీయబోతే వద్దంది. కూర్చోమంది, భోజనం చేసి వెళ్ళమంది. ఆయన వినిపించుకున్నట్టు లేదు. గుమ్మం దిగాక తలుపు దగ్గర ఆగి, బొటనవేలి గోటితో రంగు గీకాడు. గోధుమరంగు పెచ్చు రాలి కింద నీలం కనబడింది. దాన్ని కాసేపు చూసి, వేలు ప్యాంటుకు తుడుచుకుని, సూటుకేసు పట్టుకుని వెళ్ళిపోయాడు. అంచుల మీద అడుగులేసుకుంటూ వీధి చివరిదాకా ఎలా నడిచాడో అక్క నిలబడి చూసింది. ఆయన ఏమయ్యాడో మాకు తెలియదు. ఆయన పనిచేశానన్న ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కున్నాను, పనిలోకి తిరిగి రాలేదన్నారు.

మర్నాడు అక్క స్టూలెక్కి అటక మీంచి బావ డబ్బా దించుతుంటే నాకు భయమేసింది.

"ఓనరు ఖాళీ చేయమంటాడే అక్కా. ఈ వయసులో ఎక్కడికెళ్తాం?"

"తెలియదు" అంది. "అలిసిపోయానురా, నిజమే. కానీ నేను అలిసిపోబట్టే ఆ మనిషి ఇల్లు అమ్ముకున్నాడు."

డబ్బాలో రంగు మీగడ కట్టింది. నేనే వెళ్ళి థిన్నరు తెచ్చి కలిపాను. ఒక పూత వేస్తే గోధుమరంగు కింద నుంచి కనబడుతూనే ఉంది. రెండో పూత వేస్తుంటే ఓనరు మెట్ల మీద నిలబడి చూశాడు. ఇల్లు ఖాళీ చేసే ఉద్దేశమేనా అని అడిగాడు.

"చేయమంటే చేస్తాంలెండి" అంది అక్క, కుంచె ఆపకుండానే. "చేసేదాకా ఇది నీలమే."

చేయమనే అన్నాడు. కాస్త గడువిచ్చాడు. నేను సాయంత్రాలు ఇళ్ళు చూస్తున్నాను. వెలుతురున్న గుమ్మం దొరకడం లేదు, దొరికిన చోట అద్దె మావల్ల కావడం లేదు. బేరాలు మళ్ళీ తగ్గాయి. గ్రూపులో మళ్ళీ ఏదో రాశారట. నేను చూడడం మానేశాను. ఇదంతా ఎవరు ఆపుతారో, అసలు ఆగుతుందో లేదో నాకు తెలియదు. నాకూ విసుగొచ్చింది.

నిన్న మధ్యాహ్నం వెనక గదిలో బాగుచేసిన మోటారు తిప్పి చూస్తుంటే వీధి గుమ్మంలో కొత్త గొంతు వినబడింది. "నమస్కారం అత్తయ్యగారూ." నేను మోటారు ఆపేశాను. చెప్పేటప్పుడు చప్పుడు ఉండకూడదంటుంది అక్క.

"రా బాబూ, కూర్చో" అంటోంది. "ఆ బొత్తం ఊడేట్టుంది. చొక్కా విప్పి ఇలా ఇవ్వు."